సగం పోయిన మరక

టీ గంట మోగగానే ఆ లాండ్రీలో అందరి కాళ్లూ ఒకే వైపు నడిచేవి. టీ కోసం అనుకుంటే పొరపాటే. టీ పోసేది వీధి తలుపు దగ్గర. వీళ్లు నడిచేది గది ఆ చివరనున్న మరకల బల్ల దగ్గరికి. ఆ బల్ల కింద, బ్రష్షుల బకెట్ పక్కన, మూత మీది బొమ్మ ఎప్పుడో అరిగిపోయిన పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది. దాన్ని తీయడానికి వంగినప్పుడల్లా అక్కడ పనిచేసే ఆవిడకి నడుం కలుక్కుమనేది. అయినా రోజూ వంగేది.

“అత్తా, నిన్నటి నుంచి గొంతు నొప్పి. గుటక వేస్తే ప్రాణం పోతోంది.”

“నోరు తెరువు. ఊఁ, ఎర్రగానే ఉంది. ఇదిగో, ఇప్పుడొకటి వేసుకో, పడుకునే ముందు ఒకటి. తగ్గిపోతే మిగిలినవి తెచ్చి ఇందులో పడెయ్యి. ఇంకొకరికి పనికొస్తాయి.”

“నువ్వు చల్లగా ఉండాలి అత్తా.”

చదువుతున్న మీకు ఇందులో తప్పేమైనా కనబడిందా? అక్కడ పనిచేసేవాళ్లలో ఒక్కరికీ కనబడలేదు. కనబడకపోగా, ఆ డబ్బా గురించి చెప్పుకునేటప్పుడు వాళ్ల గొంతులో కాస్త గర్వం కూడా వినిపించేది. ఆవిడకి అసలు పేరొకటి ఉన్నా, జీతాల రోజున తప్ప దాన్నెవరూ పలికేవారు కాదు. అందరికీ ఆవిడ డబ్బా అత్త.

ఆ లాండ్రీకి హోటళ్ల నుంచి దుప్పట్లు, తువ్వాళ్లు, దిండు గలేబులు లారీల్లో వచ్చేవి. మధ్యాహ్నానికల్లా ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి తిరిగి లారీ ఎక్కించాలి. గది నిండా ఎప్పుడూ ఆవిరే. పొద్దున వేసుకున్న బట్టలు టీ వేళకి ఒంటికి అంటుకుపోయేవి, సాయంత్రానికి మనుషులు పిండి ఆరేసినట్టుగా ఇళ్లకి చేరేవారు. గోడ మీద రాసి లేకపోయినా అందరికీ తెలిసిన సూత్రం ఒకటి అక్కడ నడిచేది: ఎవరి వంతు వాళ్లదే. జ్వరం వచ్చిందని, బిడ్డకి బాగాలేదని ఎవరైనా పూట సెలవు పెడితే, ఆ వంతు గుట్టగా అలాగే కూర్చునుండేది. తిరిగొచ్చాక వాళ్లే దాన్ని లాగాలి. అందుకని డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే అక్కడ ఒక జబ్బుకి ఇంకో జబ్బు తగిలించుకోవడమే.

డబ్బా పుట్టింది అలాగే. ఎప్పుడో ఎవరో తమకి తగ్గిపోయాక మిగిలిన మాత్రలు తెచ్చి, “పారేయడానికి మనసొప్పలేదు అత్తా, నీ దగ్గరుంచు” అన్నారు. తర్వాత ఇంకొకరు తెచ్చారు. ఏ రంగు మాత్ర దేనికో అత్త మెల్లగా నేర్చుకుంది. జలుబుకొకటి, దగ్గుకొకటి, మూత్రంలో మంటకొకటి. వేసుకున్నవాళ్లకి తగ్గేది కూడా. చాలాసార్లు మాత్ర వేసుకోకపోయినా తగ్గేదే, కానీ ఆ సంగతి చెప్పేవాళ్లెవరు? తగ్గిన పుణ్యమంతా డబ్బా ఖాతాలో పడేది. అక్కడ డబ్బాకి ఒక మర్యాద కూడా ఏర్పడింది. నయం కాగానే మిగిలిన మాత్రలు వెనక్కి తెచ్చి ఇవ్వాలి. డాక్టరు చీటీలో రాసినవన్నీ కూర్చుని మింగేసేవాణ్ణి స్వార్థపరుడి కింద లెక్కగట్టేవారు.

అత్త అసలు పని మరకలు చూడటం. మెషిన్లోంచి వచ్చిన తడి దుప్పటిని దీపం కింద పరిచి, ఎక్కడైనా మరక మిగిలిందేమో వెతకాలి. మిగిలితే సబ్బు పెట్టి, బ్రష్షుతో తోమి, మళ్లీ నీళ్లలోకి పంపాలి. శుభ్రమైనదే రోలర్‌కి వెళ్లాలి. రోలర్ అంటే మనిషెత్తు ఇనుప గొట్టం, లోపల కణకణలాడే ఆవిరి. ఒకవైపు ఇద్దరు తడి దుప్పటిని అంచులు పట్టి దాని కిందికి తోస్తే, రెండోవైపు ఇద్దరు పొడిగా, సాపుగా వచ్చినదాన్ని అందుకుని మడతపెట్టేవారు. ఏ కుర్రాడో తొందరపడి సరిగ్గా ఉతకని దుప్పటిని రోలర్ దగ్గరికి తెచ్చాడంటే అత్త నోటికి దొరికినట్టే.

“ఒరేయ్, కళ్లు ఇంట్లో పెట్టి వచ్చావా? సగం పోయిన మరకని వేడిలో పెట్టావంటే అది ఇంక జన్మలో పోదు. మొత్తం మరకనైనా నేను వదిలిస్తాను కానీ, సగం ఉతికి కాల్చినదాన్ని ఆ బ్రహ్మదేవుడొచ్చినా వదిలించలేడు. తీసుకెళ్లి మళ్లీ వెయ్యి!”

ఈ మాట ఆవిడ ఎన్ని వేలసార్లు అందో. ఒక్కసారి కూడా ఆవిడ చెవికి ఎక్కలేదు.

ఆవిడ కూతురు చిట్టి ఆ రోలర్‌కి అవతలివైపు, దుప్పట్లు అందుకునే చోట పనిచేసేది. అక్కడ నిలబడ్డవాళ్లు నీళ్లు తాగడానికి జంకేవారు. ఎందుకంటే నీళ్లు తాగితే మరుగుదొడ్డికి వెళ్లాలి, ఒకరు కదిలితే రోలర్ ఆగాలి, రోలర్ ఆగితే గదిలో ఉన్న తలలన్నీ అటే తిరిగేవి. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ చూపులు చాలు. చిట్టి నెమ్మదస్తురాలు, ఒకరిచేత మాటపడటం దానికి ఇష్టముండదు. పొద్దున ఒక గ్లాసు నీళ్లు గుక్కపట్టి తాగి వస్తే మళ్లీ లారీ వెళ్లాకే. అంత ఆవిరిలో, అంత చెమటలో, పెదాలు ఎండిపోతున్నా పళ్లబిగువున నిలబడేది.

మొదటిసారి మూత్రంలో మంట అని తల్లి చెవిలో చెప్పినప్పుడు అత్త పెద్దగా కంగారు పడలేదు. డబ్బా తీసింది, మాత్ర ఇచ్చింది. రెండు పూటల్లో మంట తగ్గింది. మిగిలినవి తిరిగి డబ్బాలో పడ్డాయి. కొన్నాళ్లకి మళ్లీ వచ్చింది. మళ్లీ మాత్ర, మళ్లీ తగ్గడం. ఆ తర్వాత ఇంకోసారి.

“అమ్మా, ఒకసారి డాక్టరుకి చూపించుకోనా?” అని చిట్టి అడిగింది కూడా.

“చూపించుకుంటే ఆయన రాసేది ఇదే కదే. దానికోసం పూటంతా పోగొట్టుకుని, మర్నాడు రెండు వంతులు లాగుతావా? నీ ఒంట్లో అంత ఓపికుందా?”

లేదు. చిట్టి ఒంట్లో ఓపిక నిజంగానే లేదు. అందుకే అమ్మ మాటే సరైనదనిపించింది.

ఈసారి మాత్ర వేసుకున్నా మంట తగ్గలేదు. నడుముకి ఒకవైపు, పక్కటెముకల కింద, ఎవరో పిడికిలితో గుద్దుతున్నట్టు నొప్పి. చిట్టి భర్త ఆ లాండ్రీ లారీ నడిపేవాడు. “అత్తయ్యా, ఇది రాత్రంతా మూలుగుతూనే ఉంది” అన్నాడు పొద్దున్నే. అత్త డబ్బాలోంచి ఇంకో రంగు మాత్ర కూడా కలిపి ఇచ్చింది. టీ గంటకి ముందే, ఆ వేడి గదిలో, చిట్టికి చలి మొదలైంది. పళ్లు టకటకమని కొట్టుకున్నాయి. అందుకోవాల్సిన దుప్పటి చేతుల్లోంచి జారింది, దాని మీదే చిట్టి కూలబడింది. రోలర్ ఆగింది. ఈసారి తిరిగిన తలల్లో విసుగు లేదు, భయం ఉంది.

దుప్పట్లు ఎక్కించాల్సిన లారీలోనే అల్లుడు ఆమెను ఆసుపత్రికి చేర్చాడు.

అత్త వస్తూ వస్తూ డబ్బా కూడా పట్టుకొచ్చింది. ఏమేం మందులు వాడారని అడుగుతారు కదా, చూపించవచ్చని. డాక్టరమ్మ వయసులో చిన్నదే కానీ కళ్ల కింద నల్లటి గుంటలు, బల్ల మీద మీగడ కట్టిన టీ. కుర్చీలో కూర్చున్నా ఒక చెయ్యి గోడకి ఆనించే ఉంది, లేవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉన్నట్టు. అత్త మూత తీసి డబ్బాని ఆమె ముందు పెట్టింది. అంత భయంలోనూ ఆ మూత తీసేటప్పుడు ఆవిడకి కాస్త ధైర్యమే కలిగిందంటే, అలవాటు ఎంత దూరం వస్తుందో చూడండి.

డాక్టరమ్మ అందులోవి వేలితో ఒక్కొక్కటే పక్కకి జరిపి చూసింది. సగం, పావు, ఒక్కొక్కటి మిగిలిన అట్టలు. కొన్నిటి మీద పేరు కూడా లేదు.

“ఇవన్నీ ఎవరివమ్మా?”

“అందరివీనమ్మా. ఒకరికి తగ్గాక మిగిలినవి ఇంకొకరికి.”

“మీ అమ్మాయికి ఇందులోవేనా?”

“అవును. ఎప్పుడూ తగ్గేది. ఈసారే...”

డాక్టరమ్మ అరవలేదు. అరిచి ఉంటే అత్తకి బాగుండేది. “మూత్రంలో మొదలైన జబ్బు కిడ్నీకి ఎక్కింది. అక్కడి నుంచి రక్తంలోకి కూడా దిగింది. ఒక మందు మొదలుపెడుతున్నాను. పనిచేస్తుందో లేదో ల్యాబ్ వాళ్లు చెప్పేదాకా తెలియదు” అని మాత్రం అని, అల్లుడి చేత సంతకం పెట్టించుకుంది.

ఆ మందు పనిచేయలేదు. జ్వరం దిగేది కాదు. దిగినా మళ్లీ చలితో ఎగిరేది. చిట్టి ఒకసారి తల్లిని గుర్తుపట్టేది, ఒకసారి “రోలర్ ఆపకండి, వస్తున్నా” అని లేవబోయేది. అత్త మంచం పక్కన స్టూలు మీద కూర్చుని దాని అరికాళ్లు రుద్దుతూ ఉండిపోయింది. తిండి లేదు, నిద్ర లేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

అలా కూర్చున్నప్పుడే ఆవిడ చూపు మంచం మీది దుప్పటి అంచున ఆగింది. గోధుమరంగు మరక, అంచులు మసకబారి, మధ్యలో పలచబడి. అలవాటుకొద్దీ గోటితో గీకింది. కదల్లేదు. ఏ లాండ్రీలోనో ఎవరో సగం ఉతికి, చాల్లే అనుకుని, వేడిలో పెట్టేశారు. ఇంక ఇది పోదు, దీన్ని చింపి గుడ్డలు చేసుకోవడమే, అనుకుంది. గీకుతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

చిట్టికి మంట తగ్గింది. మిగిలిన మాత్రలు డబ్బాలో పడ్డాయి. మళ్లీ తగ్గింది. మళ్లీ పడ్డాయి.

ఆవిడ గబుక్కున స్టూలు పట్టుకుని లేచి, వరండాలో వెళ్తున్న డాక్టరమ్మ వెంటపడింది.

“అమ్మా, ఒక్కమాట చెప్పి వెళ్లండి. నాకు చదువు లేదు, మరకలు వదిలించడం ఒక్కటే తెలుసు. సగం పోయిన మరకని కాలిస్తే అది పోదు. నేను నా కూతురికి చేసింది అదేనా?”

డాక్టరమ్మ ఆగింది. వెళ్లాల్సిన పని చాలానే ఉన్నట్టుంది, అయినా గోడకి ఆనుకుంది.

“దాదాపు అదేనమ్మా. కాకపోతే మరక పిల్లల్ని పెట్టదు. ఈ క్రిములు పెడతాయి.”

అత్తని కూడా గోడ పక్కకి జరిపి మళ్లీ చెప్పింది.

“మన ఒంటికి దాని కాపలా దానికుంది. చర్మం ఒక గోడ. మూత్రం ధార కూడా కాపలాయే. నీళ్లు బాగా తాగితే, పైకి పాకబోయే బ్యాక్టీరియాని అది కడిగి బయటికి తోసేస్తుంది. మీ అమ్మాయి నీళ్లు తాగకుండా, వచ్చింది ఆపుకుంటూ, ఆ కాపలాని తనే పడుకోబెట్టింది. గోడ దాటి వచ్చినవాటిని తెల్ల రక్తకణాలు మింగేస్తాయి. ఆ పోరాటంలోదే జ్వరం. మీ లాండ్రీలో జలుబులు, చాలావరకు గొంతు నొప్పులు, అవన్నీ వైరస్‌తో వచ్చేవి. వాటిని ఒళ్లే గెలుస్తుంది. మీ డబ్బాలో మాత్రలు వైరస్‌ని ఏమీ చేయవు. మీరిచ్చినా ఇవ్వకపోయినా వాళ్లకి తగ్గేది.”

“మరి చిట్టికి?”

“చిట్టిది బ్యాక్టీరియా. దానికి మందు కావాల్సిందే. కానీ మందు తగలగానే ముందు చచ్చేవి మెతకవి. అవి చావగానే మంట తగ్గుతుంది, మనకి నయమైపోయిందనిపిస్తుంది. మొండివి ఇంకా ఉంటాయి. మందూ, ఒళ్లూ కలిసి వాటిని కూడా తుడిచిపెట్టేదాకా వేసుకుంటూ ఉండాలి. ఎంతవరకు అన్నది చూసినవాళ్లం మేం చెప్పాలి, మంట తగ్గడం కాదు చెప్పాల్సింది. మధ్యలో ఆపితే మిగిలేవి ఆ మందుకి ఓర్చుకున్నవే. ఇక పెరిగేది వాటి సంతానం. జలుబుకని ఊరికే మింగినా అంతే, కడుపులో ఉన్న బ్యాక్టీరియా ఆ మందుకి అలవాటు పడి కూర్చుంటుంది. అది ఆ ఒక్కరి దగ్గరే ఉండిపోదమ్మా. చేతుల మీదుగా, మరుగుదొడ్డి తలుపుల మీదుగా పక్కవాళ్లకి చేరుతుంది.”

ఒక్క చిట్టి కాదు. డబ్బా ముందు నోరు తెరిచిన ముఖాలన్నీ అత్త కళ్లముందు కదిలాయి.

“అయితే ఇదంతా నా చేతుల మీదుగానే జరిగిందా?”

“ఎవరి దగ్గర మొదలైందో ఎవరూ చెప్పలేరు. నేను చెబితే అబద్ధమవుతుంది. ల్యాబ్ నుంచి ఇప్పుడే కబురొచ్చింది. మామూలుగా వాడే మందులు చాలావరకు దీని మీద పనిచేయడం లేదు. ఒకటి ఉంది, ఇంకేదీ పనిచేయనప్పటికని మేం దాచుకునే మందు. అది ఎక్కిస్తున్నాం.”

“అది కూడా వినకపోతే?”

డాక్టరమ్మ అత్త భుజం మీద చెయ్యి వేసి, ఒకసారి నొక్కి, వార్డులోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత గడిచిన కాలాన్ని అత్త ఎప్పటికీ సరిగ్గా చెప్పలేకపోయింది. సీసాలోంచి చుక్క చుక్కగా దిగే మందునే చూస్తూ కూర్చుంది. తన కూతురి ఒంట్లో, కంటికి కనిపించని చోట, ఆ తెల్ల కణాలు ఎంత అలసిపోయి ఉంటాయో అనుకుంది. అవీ తమలాంటివే. సెలవు లేకుండా, ఎవరూ తోడు రాకుండా, గుట్టలు గుట్టలుగా వచ్చిపడే పనిని లాగుతున్నాయి. తోడు పంపినట్టే పంపి, సగం దారిలో వెనక్కి పిలిచింది తనే.

ఒక తెల్లవారుజామున అరికాళ్లు రుద్దుతున్న చేతికి తడి తగిలింది. చిట్టికి చెమట పట్టింది. నుదురు చల్లగా ఉంది.

“అమ్మా, దాహం” అంది చిట్టి.

అత్త గ్లాసు నోటికి అందించి, అది తాగుతున్నంతసేపూ గుటకలు చూస్తూ కూర్చుంది. అప్పుడు వచ్చింది ఏడుపు, ఇన్నాళ్లదీ కలిపి.

చిట్టి బతికింది. కానీ ఒక కిడ్నీ దెబ్బతింది, అది ఇక ముందులా పనిచేయదని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి పంపేటప్పుడు రాసిన మందుల్ని అత్త ఒక్క పూట తప్పనివ్వలేదు. ఇంటికి వెళ్లే ముందు డబ్బా పట్టుకుని ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గరికి వెళ్లి, “వీటిని ఎవరి నోట్లోకీ పోనివ్వకుండా ఏం చేయాలో చేయండి బాబూ” అని ఖాళీ చేసి వచ్చింది.

కథ ఇక్కడితో ఆపేయవచ్చు. బుద్ధి వచ్చింది, డబ్బా ఖాళీ అయింది, బాగుందని మీరూ నేనూ లేచి వెళ్లిపోవచ్చు. కానీ అత్త మర్నాడు పనిలోకి వెళ్లాలి కదా.

వెళ్లింది. టీ గంట మోగింది. మొదట వచ్చినవాడు సుడిగాలి. గలేబులు ఇస్త్రీ చేస్తాడు, చెయ్యీ నోరూ ఒకే వేగంతో ఆడతాయి కాబట్టి ఆ పేరు. ఆ రోజు నోరు ఆడటం లేదు. కళ్లు ఎర్రబడి, ముక్కు కారుతూ, వణుకుతున్నాడు.

“చిట్టి ఎలా ఉంది అత్తా? ఇంటికొచ్చేసిందటగా, హమ్మయ్య. సరే, డబ్బా తియ్యి. ఒళ్లు కాలిపోతోంది.”

“డబ్బాలో మాత్రల్లేవురా.”

హాస్యమాడుతోందనుకున్నాడు. తనే వంగి డబ్బా లాగి మూత తీశాడు. లోపల అరిగిపోయిన సబ్బు ముక్కలున్నాయి.

“ఏవీ?”

“ఆసుపత్రిలో ఇచ్చేశాను. అలా వేసుకోకూడదురా. చిట్టికి అందుకే ప్రాణం మీదికొచ్చింది. డాక్టరు చూసి చెప్పాలి, చెప్పినన్నాళ్లూ వేసుకోవాలి.”

సుడిగాలి ఆవిడ ముఖంలోకి చూశాడు. జ్వరంతో ఉన్న మనిషి, మాట కాస్త గట్టిగానే వచ్చింది.

“అలాగా? నీ కూతురికైతే ఆసుపత్రి, ఇంజెక్షన్లు. మాకైతే నీతులా? ఆ గుట్ట చూడు అత్తా. నేను డాక్టరు దగ్గరికి పోతే అది లేచి తనే ఇస్త్రీ చేసుకుంటుందా? డాక్టరు దగ్గరికి పోలేకే కదా నీ దగ్గరికొచ్చింది! ఇన్నాళ్లూ తెలియదా నీకు?”

వాడన్నదాంట్లో పొల్లు మాట ఒక్కటి లేదు. మందు సగంలో ఆపకూడదని చెప్పడం ఎంత తేలికో, చెప్పించుకోవడానికి పూట దొరకని మనిషికి ఆ మాట ఎంత చేదో ఆవిడకి అప్పుడు తెలిసింది. మాత్రలు పారేసింది, బాగానే ఉంది. మాత్రలు ఏ ఖాళీని నింపుతూ వచ్చాయో ఆ ఖాళీ అలాగే నోరు తెరుచుకుని ఉంది.

ఆవిడ నడుం పట్టుకుని లేచింది. సుడిగాలి బల్ల దగ్గరికి వెళ్లి, గలేబుల గుట్టలోంచి రెండు చేతులకీ పట్టినన్ని ఎత్తుకుని, పక్కనున్న ఖాళీ ఇస్త్రీ బల్ల మీద వేసుకుంది. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టింది.

“వెళ్లు” అంది.

“ఎక్కడికి?”

“డాక్టరు దగ్గరికి. నీ వంతు నేను చూస్తాను.”

“మరి నీ మరకలు?”

“ఆ మరకలు నేను చూస్తాను” అంది తువ్వాళ్లు మడతపెట్టే ఒకావిడ, ఇంకా టీ గ్లాసు చేతిలో ఉండగానే. ఇంకొకామె వచ్చి గుట్టలోంచి ఇంకో కట్ట తీసుకెళ్లింది.

మేనేజరు గాజు గదిలోంచి బయటికొచ్చాడు. చెడ్డవాడేం కాదు. పైవాళ్లు తనని తిడతారని భయం, కింది వాళ్లు మాట వినరేమోనని భయం, రెంటి మధ్యా నలిగి ఆయనా ముందే ముసలివాడయ్యాడు.

“ఏంటమ్మా ఇది? ఎవరి వంతు వాళ్లదే కదా. ఇవాళ ఇతను, రేపు ఇంకొకరు. ఇలా అయితే పని ఏం సాగుతుంది?”

“సాగుతుంది సార్” అంది అత్త. ఇస్త్రీ ఆపలేదు, గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. “మా చిట్టి రోలర్ ఆగకూడదని నీళ్లు మానేసింది. అది పడిపోయిన రోజున రోలర్ ఎంతసేపు ఆగిందో మీరూ చూశారు. ముందే రోజుకి రెండుసార్లు ఎవరో ఒకరం దాని చోట నిలబడి ఉంటే దానికి ఈ గతి పట్టేది కాదు. ఇకనుంచి రోలర్ దగ్గర ఎవరికి అవసరమైనా నేనొచ్చి నిలబడతాను. జ్వరమొచ్చినవాడు డాక్టరు దగ్గరికి పోతాడు, వాడి గుట్ట మేమందరం పంచుకుంటాం. లారీ వేళకి సరుకు ఉండాలి, అంతే కదా మీక్కావలసింది? ఉంటుంది.”

మేనేజరు అందరి ముఖాలూ చూశాడు. అన్నీ అలసిపోయిన ముఖాలే. బెదిరించినా బెదిరే స్థితిలో ఎవరూ లేరు.

“లారీ వేళకి మాత్రం ఒక్కటి తగ్గకూడదు” అని గొణిగి లోపలికి వెళ్లిపోయాడు.

తగ్గలేదు. అందరి నడుములూ ఇంకాస్త వంగాయి, అంతే.

లారీ వెళ్లాక సుడిగాలి తిరిగొచ్చాడు. ముఖం మాడ్చుకుని ఉన్నాడు.

“అంతసేపు కూర్చోబెట్టి, ఛాతీ చూసి, గొంతు చూసి, ఒక్క మాత్ర కూడా రాయలేదు అత్తా! జ్వరం మరీ ఎక్కువైతే వేసుకోమని దానికేదో ఇచ్చారు, అంతే. ఇది వైరస్ అట, నా ఒళ్లే చూసుకుంటుందట. నీళ్లు తాగి పడుకోమన్నారు. ఊపిరాడకపోయినా, జ్వరం దిగకపోయినా మళ్లీ రమ్మన్నారు. దీనికోసమా మీరందరూ నా గలేబులు లాగింది?”

చాలా రోజుల తర్వాత ఆ గదిలో నవ్వు వినబడింది. అత్త కూడా నవ్వింది. నవ్వుతూనే స్టూలు మీద కూలబడి, కాళ్లు చాపుకుంది.

“దీనికోసమేరా. నీకు మందు అక్కర్లేదని తెలుసుకోవడానికి కూడా ఒక పూట కావాలి. అదే ఇన్నాళ్లూ నేను నీకివ్వలేదు. నా దగ్గరున్న సగం మాత్ర నీ చేతిలో పెట్టి, నీకు మేలు చేశాననుకున్నాను.”

చిట్టి మళ్లీ పనిలోకి వచ్చాక రోలర్ పక్కన మేకుకి నీళ్ల సీసా ఒకటి వేలాడుతూ ఉండేది. అది ఖాళీ అయిందో లేదో చూడటం ఇప్పుడు అత్త పనుల్లో ఒకటి. మరకల బల్ల కింద ఆ పాత డబ్బా అలాగే ఉంది, సబ్బు ముక్కలతో. అందరూ ఆవిణ్ణి ఇంకా డబ్బా అత్త అనే పిలుస్తున్నారు. టీ గంటకి ఎవరైనా వచ్చి ఒళ్లు బాగాలేదంటే, ఆవిడ వంగి కిందికి చూడదు, లేచి వాళ్ల గుట్ట దగ్గరికి నడుస్తుంది. జబ్బు పడిన మనిషికి మనం ఇవ్వాల్సింది మన దగ్గర మిగిలిపోయిన మాత్ర కాదు. అతని పనిని మన భుజానికెత్తుకుని, ఒంటికీ మందుకీ తమ పని పూర్తిచేసుకునేంత వ్యవధి ఇవ్వాలి.